బోలా అంటే తమ్ముడు కాదు: ఒక హజారా శరణార్థి అప్పీల్ కథ

ఈ ఫైలు నా దగ్గరికి వచ్చేసరికి రిజెక్షన్ కాగితం అందుకుని 11 రోజులైంది. కెనడాలో శరణార్థి క్లెయిమ్ కొట్టేస్తే, రాతపూర్వక కారణాలు చేతికందిన రోజు నుంచి 15 రోజుల్లో రెఫ్యూజీ అప్పీల్ డివిజన్‌లో (మేం రాడ్ అంటాం) అప్పీల్ నోటీసు వెయ్యాలి. మిగిలింది నాలుగు రోజులు, అందులో రెండు శని, ఆదివారాలు. క్లయింటేమో ముందు నా కథంతా వినండి వకీల్ సాబ్ అంటున్నాడు. కథ రేపు వింటాను, ముందు ఈ ఫారం మీద సంతకం పెట్టండి అన్నాను. నోటీసు వెయ్యడానికి ఫీజు లేదు, అందులో వాదనలు రాయక్కర్లేదు. అయినా కథ చెప్పడంలో, కాగితాలు పోగెయ్యడంలో పడి ఈ 15 రోజులు దాటించేసుకున్నవాళ్లని చూశాను.

ఆయన అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

క్లయింటుకి ముప్పై దాటాయి, ఊరు పాకిస్తాన్‌లోని క్వెట్టా, హజారా. 1890లలో అఫ్ఘన్ అమీర్ అబ్దుర్ రహ్మాన్ సైన్యం హజారాల మీద పడినప్పుడు చాలా కుటుంబాలు పారిపోయి క్వెట్టా చేరాయి. అక్కడి హజారాల్లో చాలామంది వాళ్ల వారసులే. ముఖం చూస్తే మధ్య ఆసియా పోలిక, మాట్లాడేది పర్షియన్ కుటుంబంలోని హజారగీ, మతం ఎక్కువమందికి షియా. అందుకే ఈ కేసుల్లో మతం ఒక కారణం, జాతి ఒక కారణం అని రెండు డబ్బాల్లో సర్దలేం. షియా అని కాల్చాడా, హజారా అని కాల్చాడా అంటే, కాల్చినవాడికి దూరం నుంచి ముఖం చూడగానే రెండూ తెలిసిపోతాయి. ఇక్కడి చట్టం సెక్షన్ 96లో జాతి, మతం రెండూ ఉన్నాయి కాబట్టి రెండూ కలిపే వాదించాలి. విడగొట్టి వాదిస్తే రెండూ పలచబడతాయి.

క్వెట్టాలో ఏం జరిగిందో పెద్దగా వివాదం లేదు. 2013 జనవరి 10న అలమ్‌దార్ రోడ్డులో ఒక స్నూకర్ క్లబ్బు దగ్గర బాంబు పేలింది, సాయానికి జనం పరుగెత్తుకొచ్చాక ఇంకోటి పేలింది. చనిపోయినవాళ్లని పూడ్చబోమని కుటుంబాలు శవపేటికలతో చలిలో రోడ్డు మీద కూర్చుంటే, ఆ రాష్ట్ర ప్రభుత్వాన్నే తీసేసి గవర్నర్ పాలన పెట్టాల్సి వచ్చింది. నెల దాటిన కొద్ది రోజులకే ఫిబ్రవరి 16న హజారా టౌన్ మార్కెట్‌లో మరో బాంబు. రెండూ షియాల మీద దాడులు చేసే లష్కర్-ఎ-ఝంగ్వీ ముఠా చేసినవే. 2021 జనవరిలో మచ్ దగ్గర 11 మంది హజారా బొగ్గు గని కార్మికుల్ని ఐసిస్ చంపింది. పాకిస్తాన్ జాతీయ మానవ హక్కుల కమిషనే తన నివేదికలో 2012 జనవరి నుంచి 2017 డిసెంబర్ దాకా క్వెట్టాలో 509 మంది హజారాలు చనిపోయారని, 627 మంది గాయపడ్డారని లెక్క రాసింది. సొంత దేశపు సంస్థ రాసిన అంకె కాబట్టి నాకు అది చాలా పనికొచ్చింది.

క్లయింటుది కూరగాయల వ్యాపారం. మండీకి హజారా వ్యాపారులు పోలీసు ఎస్కార్టుతో కాన్వాయ్‌గా వెళ్లేవాళ్లు. ఒకరోజు ఎస్కార్టు ఆలస్యమైంది, సరుకు అయిపోతుందని ఇద్దరు ఒక వ్యానులో బయల్దేరారు. మోటర్ సైకిల్ మీద వచ్చినవాళ్లు కాల్చారు. ముందు సీట్లో ఉన్నతను పోయాడు, వెనక బస్తాల మధ్య కూర్చున్న మా క్లయింటు బతికాడు. ఆ తర్వాత బెదిరింపు ఫోన్లు వచ్చాయి. మొహర్రం ఊరేగింపులకి ఇమామ్‌బారా (షియాల ప్రార్థనా మందిరం) తరఫున గేటు దగ్గర తనిఖీ చేసే వాలంటీర్‌గా ఈయన ఏళ్లుగా పనిచేశాడు, ఫోన్లలో ఆ విషయం కూడా ఎత్తారు. భార్యని, కూతుర్ని అత్తారింట్లో ఉంచి విమానం ఎక్కాడు.

విమానం అని ప్రత్యేకంగా ఎందుకన్నానంటే, అమెరికా నుంచి రోడ్డు సరిహద్దు దాటి, ముందు చేరిన సురక్షిత దేశంలోనే శరణు అడగాలనే సేఫ్ థర్డ్ కంట్రీ ఒప్పందంలో మినహాయింపు దొరికి లోపలికి వచ్చినవాళ్లకి రాడ్ అప్పీల్ హక్కు లేదు. అలాగే తీర్పులో నమ్మదగిన ఆధారమే లేదనో, క్లెయిమ్ స్పష్టంగా నిరాధారమనో ముద్ర పడినా రాడ్ తలుపు మూసుకున్నట్టే, ఇక నేరుగా ఫెడరల్ కోర్టుకే. అందుకే ఎవరు తీర్పు తెచ్చినా నేను ముందు చివరి పేజీ తిప్పి ఈ మాటలున్నాయా అని చూస్తాను. ఇందులో లేవు. హమ్మయ్య అనుకుని మొదటి పేజీకి వచ్చాను.

కొట్టేయడానికి కారణాలు రెండు. ఒకటి, మనిషి నమ్మదగినవాడు కాదు. వ్యానులో చనిపోయింది కజిన్ అని క్లెయిమ్ వేసేటప్పుడు కథ రాసిచ్చే బేసిస్ ఆఫ్ క్లెయిమ్ ఫారంలో రాశాడు, విచారణలో ప్రమాణం చేసి సొంత తమ్ముడు అన్నాడు, మూడుసార్లు అడిగినా అదే అన్నాడు, కేసుకి గుండెకాయ లాంటి ఘటనలో చనిపోయిందెవరో కూడా మార్చి చెబితే ఇక మిగతాది నమ్మేదెలా అని. రెండు, నమ్మినా సరే, పోయి ఇస్లామాబాద్‌లోనో లాహోర్‌లోనో బతకొచ్చు కదా అని.

మొదటిది చదివి నేనూ తల పట్టుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ పూట ఈ కేసు పోయినట్టే అనుకున్నాను. కెనడాలో 1980 నాటి మాల్డొనాడో తీర్పు ప్రకారం ప్రమాణం చేసి చెప్పింది, అనుమానించడానికి కారణం కనబడేదాకా నిజమనే తీసుకోవాలి. కానీ ఇలాంటి తేడా దొరికితే అంతకన్నా కారణం ఏం కావాలి?

మర్నాడు హజారగీ తెలిసిన దుబాసీని ఫోన్‌లో పెట్టుకుని అడిగాను. చనిపోయింది మీకు ఏమవుతాడు? బోలా అన్నాడు. దుబాసీ ఇంగ్లీషులో కజిన్ అంది. మరి విచారణలో తమ్ముడు అన్నారట కదా అంటే, నేనెప్పుడన్నాను, బోలా అనే కదా చెప్పాను అని ఆయన నా మీదే విసుక్కున్నాడు. ఏ కజిన్ అని మళ్లీ అడిగించాను. వాళ్లమ్మ చెల్లెలి కొడుకట.

పిన్ని కొడుకు! అక్కడ నాకు వెలిగింది. మన ఇంట్లో పిన్ని కొడుకుని ఎవరైనా కజిన్ అంటారా, తమ్ముడే అంటాం. ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే కజిన్ బ్రదర్ అని ఇంగ్లీషులో లేని మాటొకటి తయారుచేసుకుంటాం. మేనమామ కొడుకైతే బావో బామ్మర్దో అవుతాడు, ఇంగ్లీషువాడికి వీళ్లంతా ఒకటే కజిన్. హజారగీలో అక్కచెల్లెళ్ల పిల్లలు ఒకరికొకరు బోలా. మంగోల్ భాష నుంచి వచ్చిన మాట, పర్షియన్‌లో లేదు. పర్షియన్‌లో పిన్ని కొడుకుని పిసర్-ఎ-ఖాలా అంటారు. ఇప్పుడు అసలు ప్రశ్న, విచారణ రోజు కూర్చున్న దుబాసీ ఏ భాష మనిషి? ఫైలు చూస్తే ఫార్సీ, అంటే పర్షియన్ అని ఉంది.

రికార్డింగ్ తెప్పించాను. మూడు గంటల పది నిమిషాలు. ఇంత కాలంలో నాకు ఒకటి బాగా అర్థమైంది, అప్పీల్‌కి వచ్చే లాయర్లలో చాలామంది తీర్పు చదువుతారు గానీ ఆడియో మొత్తం వినరు, విన్నా ఇంగ్లీషు ముక్కలు వింటారు. దుబాసీని పక్కన కూర్చోబెట్టుకుని రెండు భాషలూ వినాలి. బోరు, ఖర్చు, చెవులు నొప్పి. ఒక గంట 47వ నిమిషం దగ్గర దొరికింది. వ్యానులో ఎవరున్నారు అని సభ్యుడి (తొలి విచారణ జరిపి తీర్పు రాసేది ఆయనే) ప్రశ్న. క్లయింటు 'బోలా' అన్నాడు. దుబాసీ ఒక్క క్షణం ఆగి, 'బిరార్?' అని తనకి తానే అడిగాడు, అంటే తమ్ముడా అని. క్లయింటు 'బోలా, మిస్ల్-ఎ-బిరార్' అన్నాడు, బోలా, తమ్ముడిలాంటివాడు అని. ఇంగ్లీషులో వచ్చింది రెండే మాటలు: మై బ్రదర్.

తర్వాత జరిగింది వింటుంటే ఒళ్లు మండింది. ఫారంలో కజిన్ అని ఉంది, ఇప్పుడు బ్రదర్ అంటున్నారు, ఏది నిజం అని సభ్యుడు మర్యాదగానే అడిగాడు. దుబాసీ దాన్ని ఫార్సీలోకి తిప్పేటప్పుడు కజిన్‌ అన్న ముక్కే వదిలేసి, అతను మీ వాడేనా, నిజమేనా అన్న అర్థం వచ్చేలా అడిగాడు. అవును, నా బోలాయే అన్నాడు మావాడు. అవును, నా బ్రదరే అని ఇంగ్లీషు. మూడుసార్లు అడిగినా అదే చెప్పాడు అని తీర్పులో రాసింది ఇదే. సభ్యుణ్ణి తప్పుపట్టలేను, ఆయన చెవికి చేరింది అదే మరి.

చట్టం ఇక్కడ మనకి అంత చుట్టం కాదు. మొహమ్మదియన్ కేసులో 2001లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఏమందంటే, అనువాదం నిరంతరంగా, కచ్చితంగా, సమర్థంగా, నిష్పాక్షికంగా, అప్పటికప్పుడు జరగాలి, అది మీ హక్కు. కానీ అభ్యంతరం ఉంటే దొరికిన మొదటి అవకాశంలోనే చెప్పాలి, విచారణంతా ఊరుకుని ఓడిపోయాక వస్తే కుదరదు. రికార్డింగ్ మొదట్లోనే సభ్యుడు దుబాసీ మాట అర్థమవుతోందా అని అడగడం, ఈయన అవుతోందనడం ఉంది. చాలా అప్పీళ్లు పడిపోయేది ఇక్కడే. నా జవాబు ఇది: దుబాసీ తనతో మాట్లాడిన ఫార్సీ ఆయనకి అర్థమైంది, తను చెప్పింది ఇంగ్లీషులో ఏమైపోయిందో తెలిసే దారి మాత్రం లేదు, ఎందుకంటే ఇంగ్లీషు రాదు కాబట్టే కదా దుబాసీని పెట్టింది. తప్పు జరిగిందని తెలిసిన మొదటి రోజు తీర్పు చదివించుకున్న రోజు. మొదటి అవకాశం అప్పీలే.

దీన్ని రాడ్ ముందు పెట్టడానికి ఓ పద్ధతుంది. ఆడియోలో ఫలానా నిమిషం దగ్గర వినండి అని రాస్తే సరిపోదు. ఆ ప్రశ్నలూ జవాబులూ ఉన్న 14 నిమిషాలు మూల భాషలోనూ ఇంగ్లీషులోనూ పక్కపక్కన ట్రాన్‌స్క్రిప్ట్ చేయించి, చేసినవాళ్ల డిక్లరేషన్ జతచేశాను. బోలా అనే మాటకి అర్థం ఏంటో, పర్షియన్‌లో అది ఎందుకు లేదో వివరిస్తూ ఒక హజారగీ అనువాదకుడి అఫిడవిట్ తీసుకున్నాను.

ఈ అఫిడవిట్ కొత్త సాక్ష్యం. రాడ్‌లో కొత్త సాక్ష్యం అంటే సెక్షన్ 110(4) అనే ఇరుకు సందు. తిరస్కరణ తర్వాత పుట్టిందన్నా అయ్యుండాలి, అంతకుముందు దొరికే వీలు లేనిదన్నా అయ్యుండాలి, లేదా ఆ పరిస్థితిలో ముందే పెట్టి ఉండాల్సింది అని అనలేనిదన్నా కావాలి. ఆ సందు దాటినా నమ్మదగిందా, కేసుకి సంబంధం ఉందా, కొత్తగా ఏమైనా చెబుతోందా అని చూస్తారు, 2016 నాటి సింగ్ తీర్పు ఇది చెబుతుంది. అఫిడవిట్ మూడో దాని కింద దాటింది. ఒక మాట తప్పుగా తర్జుమా అవుతుందని ముందే ఊహించి నిఘంటువు పట్టుకెళ్లేవాడు ఎవడుంటాడు?

కానీ క్లయింటు కుటుంబం నుంచి వాట్సాప్‌లో ఓ కట్ట పంపించాడు. మరణ ధ్రువపత్రం, ఇమామ్‌బారా కమిటీ కొత్తగా రాసిచ్చిన ఉత్తరం, మేనమామ సాక్ష్యం, ఫొటోలు. ఉత్తరం మీద తేదీ తీర్పు తర్వాతది, కాబట్టి కొత్తదే కదా అని ఆయన వాదన. కాదు. కాగితం ఎప్పుడు రాశారని కాదు చూసేది, అందులోని సంగతి ఎప్పటిదని. పాత సంగతిని కొత్త తేదీతో రాయిస్తే, రాయించుకొచ్చాడనే పేరు వస్తుంది, ఇప్పుడిప్పుడే కడుక్కుంటున్న నమ్మకం మీద మళ్లీ మచ్చ. నాలుగూ పక్కన పెట్టాను. మరణ ధ్రువపత్రం పక్కన పెట్టడానికి నాకే మనసొప్పలేదు, పాత లాయరు ముందే వేసి ఉండాల్సిన కాగితం అది. వెయ్యలేదు కాబట్టి ఆయన అసమర్థత అని ఇంకో వాదన తీయొచ్చు, దానికి ముందు ఆయనకి నోటీసిచ్చి, జవాబు చెప్పే గడువిచ్చి, అదంతా రికార్డులో పెట్టాలి. ఆలోచించి వదిలేశాను. ఒక కేసులో ఇద్దరి మీద వేలు చూపిస్తే చదివేవాళ్లకి మూడోవేలు మన వైపుందనిపిస్తుంది. క్లయింటుకి ఈ నిర్ణయం నచ్చలేదు, రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇక రెండో కారణం. ఇది గెలవకపోతే బోలా గెలిచినా దండగే. దేశంలోనే ఇంకో చోట బతికే వీలుంటే శరణు ఇవ్వరు, దీన్ని ఇంటర్నల్ ఫ్లైట్ ఆల్టర్నేటివ్ అంటారు. రసరత్నం, తిరునావుక్కరసు అని రెండు పాత తీర్పులు. పేర్లు చూస్తేనే తెలుస్తుంది, శ్రీలంక తమిళుల కేసులు, కొలంబో వెళ్లి బతకొచ్చుగా అన్న ప్రశ్న మీద పుట్టినవి. ఆ కొత్త చోట హింసకి గురయ్యే అవకాశం ఉందా, అక్కడికి వెళ్లమనడం సమంజసమేనా, ఈ రెండూ చూడాలి. రెండో దాంట్లో గెలవడం కష్టం, ప్రాణానికి, భద్రతకి ముప్పు చూపించాలి, ఉద్యోగం దొరకదు, బంధువులు లేరు అంటే చెల్లదు. అందుకే బలమంతా మొదటిదాని మీద పెట్టాను.

తీర్పు ఏమంటుందంటే, ఈయన పెద్ద నాయకుడేం కాదు, క్వెట్టాలోని ముఠా లాహోర్ దాకా వెతుక్కుంటూ రాదు అని. లాహోర్ పంజాబ్ రాజధాని. లష్కర్-ఎ-ఝంగ్వీ పుట్టింది ఆ పంజాబ్‌లోనే, 1996లో, సిపా-ఎ-సహాబా అనే షియా వ్యతిరేక సంస్థ నుంచి చీలి. ఝంగ్వీ అన్న పేరే పంజాబ్‌లోని ఝంగ్ ఊరి మీదుగా వచ్చింది. పులికి భయపడి పారిపోయినవాణ్ణి దాని గుహ పక్కన ఇల్లు తీసుకోమన్నట్టుంది. మెమోలో (రాడ్‌కి రాసిచ్చే వాదనల పత్రం) ఇంత వెటకారంగా రాయలేదు లెండి, శరణార్థి బోర్డు వాళ్లే ఒక్కో దేశం పరిస్థితుల మీద పోగుచేసే కాగితాల కట్ట, నేషనల్ డాక్యుమెంటేషన్ ప్యాకేజీలోంచే ఆ సంస్థ పుట్టుక, దాని దాడుల పరిధి ఉన్న పేజీలు చూపించి, ఇవి తొలి సభ్యుడి ముందు కూడా ఉన్నాయి, తీర్పులో వీటి ప్రస్తావనే లేదు అని మాత్రం అన్నాను.

అసలు ఆ ముఠా ఈయన్ని పేరుపెట్టి వెతకాలా అన్నది ఇంకో సంగతి. ముఖమే చిరునామా. జాతీయ గుర్తింపు కార్డు తీస్తే శాశ్వత చిరునామా దగ్గర క్వెట్టా. మొహర్రం వస్తే ఊరేగింపుకి వెళ్తాడు, వెళ్లకుండా ఇంట్లో కూర్చుంటే బతుకుతావు అనడం శరణు చట్టం చెప్పే మాట కాదు, మతం దాచుకుని బతకమనడం రక్షణ కిందికి రాదు. ఇంకోటి, క్వెట్టాలో ఉన్న భార్యని, తల్లిని ఎవరైనా వచ్చి ఎక్కడున్నాడని అడిగితే వాళ్లు అబద్ధం చెప్పాలి. బంధువులు ఆచూకీ దాచాల్సి వస్తే అది దాక్కుని బతకడమే అని ఫెడరల్ కోర్టు 2020లో అలీ కేసులో అంది, అదీ పాకిస్తాన్ కేసే. పోలీసు ఎస్కార్టు ఉంది కాబట్టి ప్రభుత్వం కాపాడుతోంది అన్న ఒక వాక్యం కూడా తీర్పులో ఓ మూల ఉంది. కాపలా లేకుండా టమాటాలు కొనుక్కోలేని పరిస్థితిని భద్రత అనరు, దానికి ఒక్క పేరా చాలింది.

మెమోరాండం మొదటి డ్రాఫ్టు 41 పేజీలొచ్చింది. రూలు 30. మొదటి ఆరు పేజీల్లో హజారాల చరిత్ర, క్వెట్టా బాంబులు, శవపేటికలు, అన్నీ మనసు పెట్టి రాశాను. మా ఆఫీసులో సీనియర్ ఒకావిడ అది చదివి, బాగుంది, తీసెయ్ అంది. రాడ్‌కి క్వెట్టా తెలుసమ్మా, తీర్పులో తప్పెక్కడుందో చెప్పు అని. 2016 నాటి హురుగ్లికా తీర్పు తర్వాత రాడ్ తొలి తీర్పుకి తలవంచక్కర్లేదు, రికార్డంతా తనే చూసి సరైందో కాదో తేల్చుకోవచ్చు. అయినా తప్పు చూపించే బరువు అప్పీల్ చేసినవాడిదే. మొదటి పేజీ మొదటి లైనులో తీర్పు 14వ పేరా, రికార్డింగ్ ఒక గంట 47వ నిమిషం అని మొదలెట్టాక డ్రాఫ్టు దానంతటదే 27 పేజీలకి దిగింది. కారణాలు అందిన రోజు నుంచి 45 రోజులు గడువైతే 43వ రోజు రికార్డు మొత్తం వేశాం.

మౌఖిక విచారణ అడగాలా వద్దా అని కూడా తర్జనభర్జన పడ్డాను. కొత్త సాక్ష్యం నమ్మకానికి సంబంధించి గట్టి ప్రశ్న లేపితేనే 110(6) కింద పిలుస్తారు. అడిగాను గానీ, అవసరమనుకుంటేనే అని. కాగితం మీదే తేలిపోయే తప్పు ఇది, మళ్లీ దుబాసీ, మళ్లీ ప్రశ్నలు ఎందుకు?

ఏడు నెలలు పట్టింది. ఈలోగా అప్పీల్ నడుస్తున్నంత కాలం పంపించెయ్యలేరు అని ఎన్నిసార్లు చెప్పినా, తలుపు చప్పుడైతే టెన్షన్ అనేవాడు. నిర్ణయం వచ్చిన రోజు నేనే చదివి వినిపించాను. అఫిడవిట్ ఒప్పుకున్నారు. తేడా మనిషిది కాదు, అనువాదానిది, అభ్యంతరం సమయానికే లేవనెత్తారు అన్నారు. ఆ ఒక్క వైరుధ్యం మీదే నిలబెట్టిన అపనమ్మకం మొత్తం పడిపోయింది. ఇస్లామాబాద్, లాహోర్ రెండూ కుదరవన్నారు. నేను భయపడింది సెక్షన్ 111 గురించి, మళ్లీ విచారణకి వెనక్కి పంపితే ఇంకో ఏడాది. పంపలేదు, తొలి తీర్పు పక్కనపెట్టి, ఈయన శరణార్థే అని రాడే తేల్చేసింది. నా వాదనల్లో ఒకటి మాత్రం పట్టించుకోలేదు, ఇమామ్‌బారాలో వాలంటీర్ కాబట్టి ప్రత్యేకంగా గురిపెట్టారన్నది. దానికి బెదిరింపు ఫోన్ల గురించి ఆయన మాట తప్ప మరేం లేదని, తేల్చాల్సిన అవసరం లేదని వదిలేశారు. సరైన పనే అనుకుంటాను.

తర్వాత వారం పర్మనెంట్ రెసిడెన్స్ ఫారాలు నింపడానికి వచ్చాడు, భార్య, కూతురు పేర్లు కూడా అందులోనే. కుటుంబ వివరాల ఫారంలో తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, చనిపోయినవాళ్లయినా సరే రాయాలి. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు. బోలా పేరు ఎక్కడ రాయాలి అన్నాడు. ఆయనకి ఇందులో గడి లేదని చెప్పాను. పోనీ తమ్ముళ్ల గడిలో రాసేయనా వకీల్ సాబ్, చివర్లో ఖాళీ ఉంది అన్నాడు. పెన్ను ఆయన చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను.